రాగి డేగిసా మీద మూడో దెబ్బ

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే సగంలోనే ఆపి ప్రశ్నలు వేసే రకాన్ని. అందుకే నా ముందు అలాంటి కబుర్లు ఎవరూ ఎత్తరు. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

నందిగామలో మాది వాము అర్క్ తీసే కుటుంబం. వామును నీళ్లలో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి సీసాల్లో పడతాం. కడుపునొప్పి వస్తే వీరులపాడు దాకా అందరూ మా అర్కే తాగుతారు. తాతగారు జగ్గయ్యపేటలో ఒక్క రాగి డేగిసాతో మొదలుపెట్టారు. అదే మా నాన్నకు వచ్చింది. ఆయన్ని మేం అబ్బా అంటాం, అమ్మను అమ్మీ అంటాం.

అబ్బాకు గడియారంతో పని లేదు. గరిటెతో డేగిసాను రెండుసార్లు కొట్టి, కాస్త ఆగి, మూడోసారి కొట్టేవారు. ఆ మోతను బట్టి లోపల నీళ్లెంత ఉన్నాయో తెలుసుకుని, పొయ్యిలో కట్టెలు లాగేసేవారు. నీళ్లు ఇగిరిపోతే వాము మాడుతుంది, లోపలి కళాయి పూత కరిగిపోతుంది. థర్మామీటర్ కొనుక్కోమని నేను ఆయన్ని ఏడిపించేదాన్ని. నవ్వి మళ్లీ గరిటె అందుకునేవారు.

అబ్బా పోయాక డేగిసా అమ్మేద్దామంది అమ్మీ. నాకది ఆయన్ని రెండోసారి సాగనంపినట్టు అనిపించింది. ఒక్క వాయి నేను తీస్తాను, చెడితే నీ ఇష్టం అని ఒప్పించాను.

ఆదివారం పొద్దున లెక్క ప్రకారం నీళ్లు పోసి, ఫోన్లో టైమర్ పెట్టి, పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. ఇంకా ఇరవై నిమిషాలు ఉందనగా డేగిసా మోగింది. రెండు దెబ్బలు. కాస్త ఆగి, ఇంకొకటి.

అమ్మీ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. అబ్బా గరిటె ఆమె చేతిలోనే ఉంది. ఆయన పోయాక దాంతోనే కూర కలుపుతోంది.

"కట్టెలు లాగవే. మీ అబ్బా చెప్పాక కూడా ఆలోచిస్తావేంటి?" అంది, చాలా మామూలుగా.

లాగేశాను. చల్లారాక మూత తీస్తే అడుగున వేలెడు నీళ్లు కూడా లేవు. అబ్బా నీళ్లు పోసేది ఇత్తడి బిందెతో. నేను అన్నే బిందెలు పోశాను గానీ, నాది ప్లాస్టిక్ బిందె, దానికన్నా చిన్నది. కొలపాత్ర సరిచూసుకోమని పిల్లలకు ఏటా చెప్పే మేడమ్ నిర్వాకం అది.

వేడికి రాగి చప్పుడు చేస్తుందని నాకూ తెలుసు. ఆ తర్వాత ఉత్త నీళ్లు పోసి, అంత అడుగుకు దిగేదాకా మూడుసార్లు కాచి చూశాను. ఒక్కసారీ మోగలేదు.

ఆ అర్క్ జగ్గయ్యపేటలో అబ్బా ఎప్పుడూ వేసే పాత కొట్టుకు పంపితే, అచ్చం అబ్బా తీసినట్టే ఉందన్నారు. అమ్మీ మళ్లీ అమ్మకం మాట ఎత్తలేదు.

ఇప్పుడు ప్రతి వాయికీ గరిటె పట్టుకునే కూర్చుంటాను. మొదటి రెండు దెబ్బలూ నేనే కొడతాను. మూడోది కొట్టేముందు మాత్రం కాస్త ఎక్కువసేపే ఆగుతాను.