కొలత తప్పిన గౌను

మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే బజారులో సొంతంగా టైలరింగు షాపు పెట్టాను. ఆసుపత్రి నర్సుల యూనిఫారాలన్నీ మా మిషన్ల మీదే కుట్టించాను. కుట్టుపనివాళ్ల సంఘానికి పోటీ లేకుండా అధ్యక్షురాలినయ్యాను. ఇన్ని సాధించినదాన్ని, సొంత చెల్లెలి చేత ఒక్క ముద్ద తినిపించలేకపోయాను.

దాన్ని బజారంతా టేపక్క అనేవారు. మెడలో టేపు అలంకారానికే. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి కత్తెర పట్టేది. ఆ కంటి కొలత ఏనాడూ తప్పలేదని సంఘం సభలో నేనే గొప్పగా చెప్పాను. తనకు మాత్రం ఒక్క బట్టా కుట్టుకోలేదు, నా పాతవే తొడుక్కునేది.

"సిగ్గులేదుటే, అందరికీ కుట్టి నువ్వు నా పాతగుడ్డలేసుకుంటావు?" అంటే, "నీకు పట్టినవి నాకు పట్టవా ఏంటి, నీలో సగం లేను" అని నవ్వేది.

గర్భసంచి తీసేశాక ఆ నవ్వు పోయింది. షాపులో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. తిండి తగ్గించేసింది. ఒక సాయంత్రం గుండీలు కుడుతూ అంది: "చచ్చిపోవాలని కూడా లేదక్కా. చావడానికైనా లోపల మనిషంటూ ఒకరుండాలిగా."

మనసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ చెల్లెలు సోఫా మీద పడుకుని, తోచింది చెప్పాలి. తల వెనక కూర్చుని ఆవిడ వింటుంది. మనది వారాల తరబడి గిరాకీల సంగతులే చెప్పిందట, ఎవరికి నడుం పెరిగింది, ఎవరికి భుజం జారింది అని.

"అందరూ ఉన్నారు. మీరెక్కడ?" అని అడిగిందట డాక్టరమ్మ.

"మీ ముందే పడున్నానుగా, కనబడట్లేదా?" అందట ఇది.

కానీ ఇంటికొచ్చి, "ఆవిడ నడిచొస్తుంటే ఆడమనిషంటే ఇదీ అనిపిస్తుందక్కా" అని ఆవిడకోసం నీలం గౌను కుట్టింది. కంటి కొలతే. మళ్లీ మిషనెక్కిందని పొంగిపోయాను.

డాక్టరమ్మ గౌను పట్టుకుని చూసి తిరిగిచ్చేసిందట. "ఇది నా కొలత కాదు. ఎవరిది?"

ఆ మాటతో చెల్లెలు కూలిపోయింది. "నా కన్ను కూడా పోయింది. ఇంకేం మిగిలాను?" అని గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరు దగ్గరికి రానంది, నీళ్లు కూడా వద్దంది.

దాని కంటికి కనబడకుండా ఆ గౌను కుట్లు విప్పేద్దామని బ్లేడు తీశాను. బల్లమీద పరిచి చూస్తే, ఆ భుజాలు ఎక్కడో చూసినవే.

"లేవవే."

ప్రాణం లేనిదానిలా చేతులెత్తింది. గౌను తొడిగాను. భుజాలు కుదిరాయి, పొడవు కుదిరింది. నడుం దగ్గర మాత్రం వదులు. చిక్కిపోకముందు దాని నడుం అది.

అద్దం ఇటు తిప్పాను. వదులైన గుడ్డను పిడికిట్లో పట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"ఈవిడెక్కడికి పోయిందక్కా?"

సభలు నడిపినదాన్ని, దాని భుజం మీద నలిగిన గుడ్డ సర్దుతూ ఉండిపోయాను.

మర్నాడు ఆ గౌనులోనే డాక్టరమ్మ దగ్గరికి పోదామంది. ఏమీ తినలేదు. అక్కడ డాక్టరమ్మ గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు వినబడింది. పుట్టి బుద్ధెరిగాక అది ఏడవగా నేనెన్నడూ వినలేదు. లేచి తలుపు దాకా వెళ్లాను, తట్టలేకపోయాను.