ఉమాదేవి కలపని పానకం

ఉమాదేవి ల్యాబు నుంచి విషం ఇంటికి తెస్తోందని మలేషియాలోని క్లాంగ్ ఊళ్లో వాళ్ల వీధంతా గుప్పుమంది. అది శుద్ధ అబద్ధం. ఆమె పని ఆకుపచ్చ నాచుతో. ఎవరైనా వాడుకునేలా ఒకే పద్ధతిలో తయారుచేసిన జన్యువు ముక్కలను నాచులోకి ఎక్కిస్తుంది. వాటిలో ఒకటి నాచును చంపే మందును తట్టుకునే శక్తినిచ్చే ముక్క. తర్వాత మందు వేస్తే అవి ఎక్కని నాచు చచ్చిపోతుంది, ఎక్కినదే మిగులుతుంది. ఒక సీమంతంలో ఎవరో అడిగితే, "మందేసి సంపుతాను, బతికినదాన్ని దాస్తాను" అని నవ్వుతూ చెప్పింది. అంతే, పుకారు రాజుకుంది.

శ్రీరామనవమికి గుడిలో పానకం కలిపేది పదకొండేళ్లుగా ఉమాదేవే. ఈసారి ఆమె బెల్లం అందుకోబోతే పక్కింటి దేవుడమ్మ గిన్నె లాక్కుని, మాట చివర మలేషియా వాళ్ల 'లా' తగిలించి అరిచింది.

"నువ్వు సెయ్యెట్టకు లా! పిల్లలు తాగేది."

మిగతా ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఉమాదేవికి ఒళ్లు మండింది, కానీ అక్కడినుంచి కదల్లేదు. చివరికి వీధిలో అందరికన్నా పెద్దావిడైన పాపాయి సూటిగా అడిగింది.

"నిజం సెప్పు పిల్లా, ఇంటికి ఏటైనా తెచ్చినావా?"

"తేలేదు పిన్నీ. సేతులు కడగందే అక్కడ తలుపు దాటనివ్వరు. ఈ మాట నన్ను ముందే అడగొచ్చు కదా? ఇప్పుడు మీరు నమ్మినా సరే, పానకం మీరే కలుపుకోండి. నేను కలపను."