నీళ్ళు కాగేదాకా

తోటికోడళ్ళన్నాక కొట్లాడుకోవాలని ఎవరు నియమం పెట్టారో గాని, మా ఇంట్లో అది చెల్లలేదు. కోయంబత్తూరు మిల్లు లైను ఇళ్ళలోకి నేను కొత్తకోడలిగా వచ్చిన నాటి నుంచి నాకు స్నేహితురాలంటే మా బావగారి భార్యే. అక్కా అని పిలిచేదాన్ని. ఆమెది కినత్తుకడవు, కొబ్బరితోటల ఊరు. నాది పెరియకుళం వైపు, మామిడితోటల ఊరు. కొబ్బరి గొప్పా మామిడి గొప్పా అన్న ఒక్క విషయంలో తప్ప మా మధ్య తగాదా వచ్చిన గుర్తు లేదు. ఆ తగాదా మాత్రం ఏ రోజుకా రోజు తాజాగా ఉండేది.

ఇద్దరం ఒకే మిల్లులో, ఒకే పగటి షిఫ్టులో, రీలింగు శాఖలో పక్కపక్కనే నిలబడేవాళ్ళం. బాబిన్ల మీది నూలును చిలపలుగా, అంటే నూలు కట్టలుగా చుట్టే పని. అక్కడ ముందుగా నేర్పేది ఒక్కటే. దారం తెగితే నోరు తెరుచుకుని చూడకూడదు, కొసలు దొరకబుచ్చుకుని ముడి వేసి నడిపించాలి. సాయంత్రం సంగు ఊదేదాకా, అంటే మిల్లు సైరన్ కూసేదాకా, చేతులకు అదే ధ్యాస.

మా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. మా పెద్దలు ఈ వైపు ఎప్పుడు వచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. తెలుగు అక్షరాలు నేను చాలా ఆలస్యంగా, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక నేర్చుకున్నాను. అప్పట్లో మాకు తెలిసినవి తమిళ అక్షరాలే. మా అత్తగారికి అవీ రావు. కానీ కథలంటే ప్రాణం. వారపత్రికలో వచ్చే తొడర్‌కథను, అంటే సీరియల్‌ను, అక్క ప్రతి వారం ఆమెకు చదివి వినిపించేది. కళ్ళు తమిళం మీద పరుగెత్తుతుంటే నోటి నుంచి మా ఇంటి తెలుగు వచ్చేది. ఎక్కడా తడబడేది కాదు. అత్తకు కాగితంలో ఉన్నది తమిళమన్న సంగతే పట్టేది కాదు. కథలో మనుషులంతా మా లైను ఇళ్ళవాళ్ళలాగే మాట్లాడుకుంటున్నారనుకునేది. వాళ్ళను తిట్టేది, దీవించేది, కొందరికి పెళ్ళిసంబంధాలు కూడా చూసేది.

రాత మొదలైంది అక్క వల్లే. ఒకసారి బస్సులో వస్తుంటే కిటికీ పైన రాసి ఉన్నది చూపించింది. చేయి, తల బయట పెట్టరాదని.

"ఈ మాట పట్టుకోని రాస్తే ఎట్లుంటాది?" అంది.

"ఏమి రాసేది?"

"ఏమొస్తే అది. నీళ్ళు కాగేదాకా చెయ్యి నిలపకూడదు. అంతే."

పెరట్లో స్నానాల నీళ్ళపొయ్యి దగ్గర, పాత నెలవారీ క్యాలెండరు కాగితాల వెనక, పెన్సిలుతో, తమిళ అక్షరాల్లో మా తెలుగు రాశాం. ఏమీ తోచకపోతే అరువు తెచ్చుకున్న ఆ వాక్యాన్నే మళ్ళీ రాయాలి. దారానికి ముడి వేసినట్టు. నేను, పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన రోజున బస్సులో తల బయట పెట్టి దారి పొడుగునా వాంతులు చేసుకున్న వైభవం రాశాను. అక్క, చిన్నప్పుడు వాననీళ్ళు పట్టుకోవాలని చూరు కింద చేయి చాచినందుకు తిన్న దెబ్బ గురించి రాసింది. ఒకరి కాగితం ఒకరు చదవాలన్నది రెండో నియమం. మన రాత మన గొంతులోనే వింటే సిగ్గేస్తుంది, ఎదుటివాళ్ళ గొంతులో వింటే అది ఎవరిదో సంగతిలా ధైర్యంగా ఉంటుంది. చదవడం అయ్యాక కాగితాలు పొయ్యిలోకి. దాచుకునేంత సరుకు మా దగ్గర లేదని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆ తర్వాత ఎక్కడ వాక్యం కనిపించినా ఎత్తుకొచ్చేవాళ్ళం. పల్లీల పొట్లం కాగితం మీద సగం చిరిగిన మాట, చీర అంచున అతికించిన చీటీ మీది 'నీడలో ఆరబెట్టవలెను'. ఊళ్ళో ఇన్ని వాక్యాలు ఊరికే పడి ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

నేను రెండోసారి నెల తప్పాను. అప్పటికి నా పెద్దవాడు తప్పటడుగులు వేస్తున్నాడు. అక్కకు పిల్లలు లేరు. అత్త ఒక సాయంత్రం అందరూ వింటుండగా తీర్పు చెప్పేసింది.

"మొదటిది నీకు. ఇది పెద్దదానికి. తొట్లెలో వేసే దినం దాని ఒళ్ళో పెట్టేస్తాము. ఇంటి బిడ్డ ఇంట్లోనే ఉంటాది."

"అమ్మ చెప్పేది సరి తానే," అన్నాడు మా ఆయన. బావగారు తల ఊపారు. ఆ అన్నదమ్ములకు తల్లి మాటకు తల ఊపడం ఊపిరి తీసుకోవడంతో సమానం. మా బంధువుల్లో అలా ఇచ్చిపుచ్చుకున్న పిల్లలు లేకపోలేదు. కాబట్టి అందరూ 'ఎంత మంచి మాట' అన్నారు. నా కడుపులో ఉన్నదాని గురించి నన్ను అడగలేదు. అక్కనూ అడగలేదు.

నేను వెంటనే వద్దనవచ్చు. ముక్కు మీద కోపం ఉన్నదాన్ని, ఎవరికీ భయపడేదాన్ని కాను. కానీ వద్దంటే ఆ మాట తగిలేది అత్తకు కాదు, అక్కకు. నీకు నా బిడ్డను ఇవ్వను అని ఆమె ముఖం మీద అన్నట్టే. ఇస్తానంటే, ఒకే వంటింట్లో నా బిడ్డ ఇంకొకరిని అమ్మా అని పిలుస్తుంటే నేను చపాతీలు వత్తుకుంటూ ఉండాలి. రెండూ నా వల్ల కాలేదు. నెలలు గడుస్తున్నాయి, కడుపు పెరుగుతోంది, మేమిద్దరం దాని గురించి తప్ప ప్రపంచంలో ఉన్నవన్నీ మాట్లాడుకుంటున్నాం. రాతలో కూడా దాని చుట్టూ తిరిగి పక్కకు తప్పుకునేవాళ్ళం. నాకు అన్నం సయించడం మానేసింది.

అలాంటప్పుడు అక్క ఒక వాక్యం తెచ్చింది. అది మిల్లులో షిఫ్టు మారే చోట రోజూ మా కళ్ళ ముందుండే నోటీసు బోర్డు మీదిది. 'పని మారునప్పుడు మిషన్‌ను నిలపకుండా వచ్చేవారికి అప్పగించవలెను.'

విన్నాను, ఒళ్ళు మండింది. ఊరినిండా ఇన్ని వాక్యాలుంటే ఏరికోరి ఇదే దొరికిందా? తొందరపెడుతోందా నన్ను? అక్క మీద నాకు నిజంగా కోపం వచ్చిన రోజు అదొక్కటే. ఆ రోజు వాన. పెరట్లో కూర్చునే వీలు లేక వంటింట్లో పొయ్యి మీదే నీళ్ళు పెట్టాం. మోకాళ్ళ నొప్పులతో అత్త ఆ వెచ్చదనానికే గోడవారగా చాప మీద పడుకుని, అటు తిరిగి నిద్రపోతోంది. నిద్రపోతోందనే అనుకున్నాం. నేను పెన్సిలు తీసుకుని, కాగితం చిరుగుతుందేమోనన్నంత గట్టిగా రాశాను.

నీళ్ళు మరిగాయి. అక్క నా కాగితం అందుకుని, అలవాటైన సీరియల్ గొంతుతో చదివింది.

"నేనేమి మిషనా? నా కడుపేమి మిషనా, నిలపకుండా అప్పగించేదానికి? ఎవురికి చెప్పేది? ఆమెకు లేదంటే ఆమె మొగం చూడలేను. ఇస్తానంటే నా మొగం నేను చూడలేను. రోజూ పక్కనే నిలబడి దారం ముడేస్తాము, ఈ ఒక్క మాట మాత్రం ముడేసేదానికి రాలేదు."

అక్క చదవడం ముగించింది. తల ఎత్తలేదు. తన కాగితం నా వైపు తోసింది. నేను భయపడుతూనే మొదలుపెట్టాను.

"వచ్చేవాళ్ళకి అప్పగించాల. సరి. వచ్చేవాళ్ళకి కావాలా అని ఎవురన్నా అడిగినారా? నాకు ఈ బిడ్డ వద్దు."

అక్కడ ఆగిపోయాను. నా నోటితో నేనే అన్న ఆ మాట నాది కాదని, ఆమెదని బుర్రకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. వద్దంటోంది. అక్క వద్దంటోంది! నవ్వొచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి.

"నిలిపినావేంటికి? చదువు," అంది గోడ దగ్గరి నుంచి ఒక గొంతు.

అత్త లేచి కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచో. ఆపితే అనుమానం, చదివితే ప్రమాదం. అక్క చదవమన్నట్టు కళ్ళతో సైగ చేసింది. చదివాను.

"బిడ్డ మీద ఆశ లేక కాదు. ఒక కాలంలో ఏడ్చినాను. ఇప్పుడు ఆ బాధ లేదు. లేదంటే ఎవురూ నమ్మరు. అది ఏడిస్తే దాని అమ్మకు పాలు కారతాయి, నేను ఎత్తుకోని నిలబడాల. ఆ దినం నుంచి ఆమె నాతో నవ్వదు. నాకు ఈ ఇంట్లో ఉండేది ఒక్క స్నేహితి. బిడ్డను ఇచ్చి ఆమెను తీసేసుకుంటారా?"

"కొత్త తొడర్‌కథా ఇది?" అంది అత్త. కాగితం చూసి ఇంటి మాటలో చదివితే అది పత్రికలో కథే కదా ఆమెకు. ఇన్నేళ్ళుగా అక్కే అలా అలవాటు చేసింది. "అయ్యో పావం, ఆ ఆడకూతుర్లు. ఆ బిడ్డను ఇయ్యమనింది ఎవురు?"

"అత్తగారు," అంది అక్క నెమ్మదిగా.

"ఆ ముసలిదానికి బుద్ధుండాదా? బిడ్డేమన్నా చెంబెడు పెరుగా, పక్కింటికి తోడుకు ఇచ్చేదానికి? ఇద్దురు ఆడోళ్ళు ఒకే ఇంట్లో నోరు తెరవలేక చస్తాంటే దానికి కండ్లు కనపడలేదా?"

నేను పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాను. తల ఎత్తితే నవ్వుతానో ఏడుస్తానో నాకే నమ్మకం లేదు. అక్కకు మాత్రం జాలేసింది. "అట్లా అనొద్దత్తా. ఆమె మంచికనే చేసింది," అంది.

"మంచికంటే? ఒక మాట అడిగి చేసేది కదా మం..."

మాట మధ్యలో ఆగింది. అత్త చూపు నా కడుపు మీద నిలిచింది. తర్వాత అక్క ముఖం మీద. తర్వాత మా చేతుల్లోని క్యాలెండరు కాగితాల మీద, వాటి మీది పెన్సిలు గీతల మీద. ఆమెకు చదువు రాదు గాని, అచ్చుకూ చేతిరాతకూ తేడా తెలుసు. చాప మీద పడుకుని అటు తిరిగింది. దుప్పటి తల మీదికి లాక్కుంది. అన్నం తినడానికి కూడా లేవలేదు.

మర్నాడు పనిలో మేమిద్దరం ఎన్ని దారాలు తెగగొట్టామో చెప్పలేను. మా ఇద్దరి మధ్య అడ్డంగా ఉన్న రాయి మాత్రం దొర్లిపోయింది. సంగు ఊదేలోగా ఎన్నిసార్లు నవ్వుకున్నామో. అత్త ఏమంటుందన్న భయం ఆ నవ్వు కిందే ఉంది. మా మనసు మాకు తెలిసినా, తీర్పు ఆమెదే. ఆమె కాదంటే మా ఇంటి మగవాళ్ళు ఆమె పక్షమే.

సాయంత్రం పత్రిక వచ్చింది. అక్క ఎప్పటిలాగే అత్త ముందు కూర్చుని పేజీ తిప్పింది. మగవాళ్ళిద్దరూ అరుగు మీద వింటున్నారు.

"అది ఉండనీ," అంది అత్త. "నిన్నటి కథ రాసినోళ్ళు నీకు తెలుసా?"

"తెలుసత్తా."

"వాళ్ళకి చెప్పు. వచ్చే వారం ఆ ముసలిదాన్ని అంత చెడ్డదిగా రాయొద్దను. దానికి ఎవురూ వద్దని చెప్పలే. చెప్పుంటే వినుంటాది. పెద్దది ఏడ్చే కాలంలో దాని ఏడుపు విన్నది ఆ ముసలిదొక్కతే. ఆ ఏడుపు ఇంగా దాని చెవిలోనే ఉండాది. పెద్దది ఏడ్చేది నిలిపిన సంగతి దానికి తెలీలే." మోకాళ్ళు నిమురుకుంది. "ఇంగ అది బిడ్డ మాట ఎత్తదని రాయమను."

"సరి అత్తా," అంది అక్క. పత్రిక ఆమె ఒళ్ళోంచి జారిపోయింది. తీసుకోలేదు.

"ఏ కథమ్మా అది?" అన్నాడు మా ఆయన అరుగు మీద నుంచి.

"నీకు అర్థం కాదు. చుమ్మా ఉండు," అంది అత్త.

నేను వంటింట్లోకి వెళ్ళి, గోడకు ఆనుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నెలల తర్వాత ఆకలి వేసింది. చారన్నం రెండుసార్లు పెట్టుకుని తిన్నాను. నాకు అంత హాయి మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, ప్రసవమైనప్పుడు కూడా.

ఆడపిల్ల పుట్టింది. తొట్లెలో వేసే రోజు బంధువులంతా వచ్చారు. వాళ్ళకు పాత మాటే తెలుసు. ఎదురుచూపులన్నీ అక్క మీదే. అక్క కొత్త చీర కట్టుకుని నా పక్కనే కూర్చుంది. అత్త బిడ్డను ఎత్తుకుని వచ్చింది. మోకాళ్ళ నొప్పితో మెల్లగా, ఒక్కో అడుగూ వేస్తూ. మా ఇద్దరి ముందూ నిలబడింది. గదిలో ఎవరూ కదల్లేదు.

వంగి, బిడ్డను నా ఒళ్ళో పెట్టింది.

"పాలియ్యి," అంది. "ఆకలైతాండాది దానికి."