బావ చెయ్యి వణకలేదు

మా బావ చెయ్యి ఏనాడూ వణకలేదు. ఈ మాట ఇరవై ఏళ్ళ కిందటే చెప్పాల్సినవాణ్ణి, చెప్పలేదు. మొన్న ఆదివారం శ్రీనగర్ కాలనీలో అక్క వాళ్ళింట్లో భోజనాలయ్యాక, కొత్తగా షూటింగ్ నేర్చుకుంటున్న మా మేనకోడలు ఫోన్‌లో మూడు ఎయిర్ రైఫిళ్ళు చూపించి, చవకదీ నడిమిదీ ఖరీదైనదీ ఉన్నాయి, దేనికి పెట్టిన డబ్బు దండగ కాదని నన్నడిగింది. వంటింట్లోంచే అక్క అందుకుంది:

"మీ నాయిన్ను మాత్రం అడగకే. ఆయన గురి పెడితే గోడ కూడా తప్పిపోతది."

బావ ఎప్పటిలాగే నవ్వేశాడు. ఆ ఎకసెక్కానికి మూలం నేనే.

ఇరవై ఏళ్ళ కిందట నేను పంజాగుట్టలో ఒక ఆటసామాన్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఏడాదిగా అద్దాల బీరువాలో కదలకుండా కూర్చున్న విదేశీ రైఫిల్‌ను ఎవరమ్మితే వాళ్ళను గోదాములోంచి కౌంటరు మీదికి తెస్తానని యజమాని ఆశపెట్టాడు. మన ఈడువాళ్ళకు తెలుసు, కౌంటరు వెనక ఇస్త్రీచొక్కాతో నిలబడడమంటే ఆ వయసులో ఎంత హోదానో. మా దగ్గరా మూడు రకాలే. చవక రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండి, గుండు ఎటు పోతుందో దానికే తెలిసేది. నడిమిదాని గొట్టంలో మెలిక గాడులుండి గుండు తిన్నగా పోయేది, బరువు కూడా మనిషికి సరిపోయేది. ఖరీదైన ఆ విదేశీదానికి చెక్కడపు పని, నిగనిగలాడే కట్టె, వీటితోపాటు పేల్చగానే స్ప్రింగు తన్నే తన్ను. ఆరితేరినవాడికే అది లొంగేది. పది మీటర్ల దూరంలో గురి అట్టను కొట్టే సరదాకు నడిమిదే చాలని మా దుకాణంలో ఊడ్చేవాడికి కూడా తెలుసు.

కొనేవాళ్ళచేత వెనకనున్న పొడుగాటి నడవలో ఒక్కోదానితో ఐదేసి గుళ్ళు పేల్పించి, అట్టలు తెచ్చి, ఏ అట్ట ఏ రైఫిల్‌దో వెనక రాసి ఇవ్వడం మా పద్ధతి. చిల్లులు దగ్గరదగ్గరగా పడ్డ రైఫిల్ కొనుక్కుపోయేవారు.

సనత్‌నగర్‌లో లేత్ మిషను మీద పనిచేసే బావ, వెంట్రుకవాసి తేడా రాదని పేరు పడ్డ చెయ్యి ఆయనది, ఆదివారాల సరదా కోసం నడిమిది కొందామని వచ్చాడు. దానితో ఐదు చిల్లులూ రూపాయి బిళ్ళ కింద దాక్కునేలా కొట్టాడు. ఖరీదైనదానితో కొట్టినవి నాలుగు మూలలకూ పారిపోయాయి. అట్టలు తెచ్చిందీ నేనే, వెనక రాసిందీ నేనే. నిలబడ్డచోటి నుంచి చిల్లులు కనబడవు గనక రెండు పేర్లూ తారుమారు చేశాను. బావ విదేశీది మోసుకుపోయాడు, నేను కౌంటరెక్కాను.

తర్వాత ప్రతి ఆదివారమూ ఆయన గురి తప్పడం, తోటివాళ్ళు నవ్వడమే. అట్ట సాక్ష్యం చేతిలో ఉంది గనక ఆయన రైఫిల్‌ను అనుమానించలేదు, తనను అనుమానించుకున్నాడు. చెయ్యి వణుకుతోందనుకుని చాయ్ మానేశాడు, కళ్ళజోడు రెండుసార్లు మార్చాడు, బస్సులో కూడా రబ్బరు బంతి పిసుకుతూ కూర్చునేవాడు. అక్క చుట్టాలందరికీ ఇవన్నీ అభినయించి చూపేది, నేనూ పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. కార్ఖానాలో సన్నపని వస్తే పక్కవాళ్ళకు ఇచ్చేస్తున్నాడని తెలిసిన రోజు మాత్రం నవ్వలేకపోయాను. అయినా నోరు విప్పలేదు.

మొన్న విప్పాను. అక్క గిన్నె కింద పెట్టి వంటింట్లోంచి వచ్చింది. బావ తన అరచేతిని చూసుకున్నాడు.

"అంటే, గా మంచి అట్ట నడిమిదాంతోని నేను కొట్టిందేనారా?"

"నువ్వు కొట్టిందే బావా."

"ఇన్నేండ్లు ఉత్తగనే నా చెయ్యిని తిట్టుకుంటి గదరా."

ఇప్పుడు అమీర్‌పేటలో మెట్రో దిగేలోపే ఫోన్‌లో రైఫిల్ కొనేయొచ్చు. దాని కింద రేటింగు చుక్కలుంటాయి, ముక్కూమొహం తెలియనివాళ్ళ పొగడ్తలుంటాయి. మన కాలంలో అమ్మేవాడి మొహం చూసి కొనేవాళ్ళం. అందుకే మోసం చేసినవాడికి మోసపోయినవాడి మొహం ఇరవై ఏళ్ళు ఎదురుగా ఉంటుంది. మేనకోడలికి నడిమిదే కొనమని చెప్పాను. తర్వాత బావ పక్కన కూర్చుని, ఆ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "తప్పు నాదే బావా, నీ చేతిది కాదు, నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.