ఎండకేసిన ఫొటో కాగితాలు

మొన్న మేడ మీదికి వెళ్లి చూద్దును గదా, మా ఇంటావిడ ఎండు మిరపకాయల పక్కన నా ఫొటో కాగితాలన్నీ ఒక్కొక్కటిగా పరిచి, గాలికి లేవకుండా తలా ఒక రాయి పెట్టి, ఇల్లంతా సర్దేసినంత తృప్తిగా కూర్చుని ఉంది. ఎర్రబల్బు వెలుగులో తప్ప విప్పకూడని కాగితాలని మన కాలంవాళ్లకు చెప్పనక్కర్లేదు; పట్టపగటి ఎండకు అవన్నీ వంకాయ రంగు తిరిగిపోయి, రాళ్ల కింద మాత్రం తెల్లటి మచ్చలు మిగిలాయి. నేను నెత్తి కొట్టుకుంటే, "బూజు పడుతదని ఎండకేసిన. పప్పులెయ్యమా, బియ్యమెయ్యమా? గింతదానికి గా లొల్లేంది?" అని ఆవిడే నా మీద గయ్యిమంది.

ఆ కట్ట కోసం నేను పడ్డ పాట్లు ఎవరికి చెప్పుకోను? వేములవాడ గుడి దగ్గర ఏళ్ల తరబడి ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి, ఒక్క కట్ట కాగితం కోసం కరీంనగర్‌లో దుకాణం దుకాణం తిరిగితే, "గవన్నీ ఎప్పుడో బందైనయ్, పెద్దమనిషీ" అని నవ్వారు. ఆఖరికి లక్సెట్టిపేటలో స్టూడియో మూసేస్తున్న పాత స్నేహితుడి అటక మీద ఆ కట్టా, ఫొటోలు కడిగే డెవలపర్ పొడీ, హైపో మందూ దొరికితే, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పెడితే పురుగుల మందనుకుని కోడలు తీసి బయట పడేసింది, బీరువాలో పెడితే ఇదిగో ఇలా అయింది.

నన్ను కన్న మా అవ్వ ఉన్న రోజుల్లో ఈ పరేషానీ లేదు. ఎండాకాలం నా ఫిల్ము రోళ్లను డబ్బాలో పెట్టి మూతపెట్టి, మంచినీళ్ల రంజను కింద తడి ఇసుకలో దాచి, అటు చెయ్యి పెట్టినవాళ్లను కసిరేది. గుడిలో కోడెను కట్టే మొక్కుకు వచ్చిన ఒక కుటుంబానికి ఫొటోలు తీయగా ఫిల్ము చివర ఇంకొక్క ఫొటోకు చోటు మిగిలితే, దాంట్లో ఆమెను తీశాను. "నా మొఖానికి ఫొటోనా, ఫిల్ము దండుగ" అంటూనే కొంగు సర్దుకుంది. ఆ సాయంత్రం డార్క్‌రూమ్‌లో తెల్లకాగితాన్ని ట్రేలో మెల్లగా కదిలిస్తుంటే, ముందు కనుబొమలు, తర్వాత నుదుటి బొట్టు, ఆ తర్వాత నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయిన పెదవులు, ఒక్కొక్కటిగా పైకి వచ్చాయి. ఆ ఫొటో తేమకు అద్దానికి అంటుకుని ఎప్పుడో పాడైపోయింది గాని నెగెటివ్ భద్రంగా ఉంది. అవ్వ అలా కాగితం మీదికి రావడం చచ్చేలోగా ఇంకొక్కసారి చూడాలన్నదే నా ఆశ, ఆ కట్ట తెచ్చుకున్నదీ అందుకే.

నా గొణుగుడు భరించలేక మా అబ్బాయి ఆ నెగెటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టి, ఫోన్‌తో తీసి, నలుపు తెలుపులు తిరగేశాడు. "సూసినవా బాపూ, గింతదానికి అంత ఫికర్ చేస్తివి" అని ఫోన్ నా చేతికిచ్చాడు. నేను కళ్లద్దాలు పెట్టుకునే లోపే బొట్టూ నవ్వూ అన్నీ వచ్చేసి ఉన్నాయి.

వాణ్ణి ఏమనను? ఇప్పుడు దేనికీ ఎదురుచూసే పని లేదు, అదే సుఖమంటారు అందరూ. ఫోన్‌లో అవ్వ ఉంది, ఎంత కావాలంటే అంత పెద్దగా చేసుకోవచ్చు. ఆమె వస్తుంటే చూసే భాగ్యమే నాకు లేకుండా పోయింది.