ఎవరి వెంట ఎవరు

మా అమ్మాయికి నెలలు నిండేదీ, మా మామిడి తోటలో చిన్న రసాలు కోతకొచ్చేదీ ఒకే సమయమైంది. అది టొరంటో దగ్గర ఒక ఊళ్లో ఉంటుంది. పురిటికి ఇద్దరూ రావాలని సంక్రాంతి కాకముందే పట్టుబట్టింది. నాకేం ఇబ్బంది లేదు, నేనెప్పుడో కెనడా పౌరసత్వం తీసుకున్నాను. మా ఆయన తీసుకోలేదు. తీసుకుంటే ఇక్కడ కొత్తగా పొలం కొనే వీలుండదని ఇండియా పాస్‌పోర్టు అట్టే పెట్టుకుని, అక్కడ పర్మనెంట్ రెసిడెంటుగానే ఉండిపోయారు. మేం అక్కడి ఇల్లు ఖాళీ చేసి ముసునూరు దగ్గర ఈ తోటలోకి వచ్చేసి నాలుగేళ్లవుతోంది. ఈలోగా ఆయన పీఆర్ కార్డుకి గడువు తీరిపోయింది.

చెల్లే కార్డు లేకపోతే విమానం ఎక్కనివ్వరు. ప్రయాణానికి విడిగా ఒక పత్రం తెచ్చుకోవాలి. అదివ్వాలంటే ఐదేళ్లలో కనీసం రెండేళ్లు కెనడాలో ఉండి ఉండాలి. ఆ లెక్కన ఆయన హోదా పోయినట్టేనని అనుకున్నాం.

"పోతే పోయిందిలే," అన్నారాయన, పూత మీద మందు కొట్టించి వచ్చి కాళ్లు కడుక్కుంటూ. "చుట్టపుచూపుకి ఇచ్చే వీసా పెట్టుకుంటాను."

నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ హోదా ఆయనకి ఊరికే రాలేదు. అక్కడి మొదటి చలికాలం తెల్లారకముందే లేచి, మంచులో బస్టాపు దాకా నడిచి, రోజంతా గోడౌన్లో పెట్టెలు మోసేవారు. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుకునే ఓపిక లేక గుమ్మంలోనే కూలబడిపోయేవారు. నేనే విప్పేదాన్ని. అంత కష్టపడి సంపాదించుకున్నదాన్ని పోతే పోయిందిలే అని ఎలా అంటారు? ఆ మాటే అడిగాను. నవ్వి కాళ్లు తుడుచుకున్నారు.

దారి చూపించింది మా అమ్మాయే. పౌరసత్వమున్న భార్యతోనో భర్తతోనో కలిసి బయటి దేశంలో కాపురముంటే, ఆ రోజులు కూడా కెనడాలో ఉన్నట్టే లెక్కేస్తారట. అంటే నాతో కలిసి ఉన్నంతకాలం ఆయన హోదాకి ఢోకా లేదు. ఫోన్లో ఆ మాట వినగానే ఆయన నా వైపు తిరిగి, "నిన్ను భరించినందుకు ప్రభుత్వం వారే మార్కులేస్తున్నారన్నమాట," అన్నారు.

కష్టమల్లా కలిసి ఉన్నామని చూపించడం దగ్గరొచ్చింది. పెళ్లయి ముప్పయ్యేళ్లు దాటిన మొగుడూ పెళ్లాలు ఒకే ఇంట్లో ఉంటున్నామని రుజువులు దాచుకుంటారా? ఫొటోలు వెతికితే ఇద్దరం కలిసి ఉన్నవి దాదాపు లేవు. ఆయన ఫోను నిండా మామిడి పూత, తేనెమంచు పురుగు, ఆకు మీద మచ్చలు. నా ఫోను నిండా మా అమ్మాయి పంపినవి. విస్సన్నపేటలో ఎవరిదో పెళ్లిలో మాత్రం బంతిలో పక్కపక్కన కూర్చుని దొరికాం. అందులోనూ ఆయన తల వంచుకుని పప్పన్నం కలుపుకుంటున్నారు. అదే పంపించాం. ఇద్దరి పేరా ఉన్న బ్యాంకు ఖాతా కాగితాలు, నా కంటి ఆపరేషనప్పుడు ఆయన సంతకం చేసిన ఆస్పత్రి కాగితాలు పోగేశాం. ఆదివారం ప్రార్థనకి ఇద్దరూ కలిసే వస్తారని మా చర్చి పాస్టరుగారు రాసిచ్చారు.

పక్క తోట రైతు కూడా రాసిచ్చారు. ఇంగ్లీషులోకి మార్పించే ముందు చదివి సిగ్గుపడ్డాను. "పొద్దున్నే ఆవిడ కాఫీకి పిలుస్తారు, ఆయన వినపడనట్టు చెట్ల మధ్యే ఉంటారు, మూడోసారి పిలిచేది మా తోటలోకి కూడా వినిపిస్తుంది, ఇది రోజూ జరిగేదే కాబట్టి ఇద్దరూ కలిసే ఉంటున్నారని నాకు తెలుసు," అని రాశారు. ఆ మూడోసారి సంగతి తీసేయమని బతిమాలాను. "నిజమే కదండీ, ఉండనివ్వండి," అన్నారు.

అన్నీ పంపాక కొన్ని వారాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వీసా ఆఫీసు నుంచి ఫోన్లో మాట్లాడతామని మెయిల్ వచ్చింది. ఎవరి వెంట ఎవరు వెళ్లారని అడగొచ్చని మా అమ్మాయి ముందే చెప్పింది. పౌరసత్వమున్న భార్య వెంట భర్త వెళ్తే పేచీ లేదట. భర్తే తన పని మీద వెళ్లి, భార్య ఆయన వెనక వెళ్లిందంటే కొందరు అధికారులు గుచ్చి గుచ్చి అడుగుతారని దానికెవరో చెప్పారు.

నాకు గుబులు పట్టుకుంది. ఎందుకంటే మేం వచ్చింది ఆయన కోసమే. అక్కడ ఇండియన్ షాపులో మామిడిపళ్లు కనిపిస్తే ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర వాసన చూసి, మళ్లీ పెట్టెలోనే పెట్టేసేవారు. కొనేవారు కాదు. ఒకసారి అలా చూసి ఇంటికొచ్చాక నేనే అడిగాను, వెళ్లిపోదామా అని. వెంటనే సరేనన్నారు. డేకేర్‌లో నా ఉద్యోగాన్నీ, నా స్నేహితురాళ్లనీ వదులుకుని ఆయన కోసం వచ్చానని నాకు లోపల కాస్త గర్వంగా ఉండేది. కోపమొచ్చినప్పుడు ఒకటి రెండుసార్లు ఎత్తిపొడిచాను కూడా. ఆయనెప్పుడూ కాదనలేదు.

ఆ రోజు తోటలో కూలీలు కాయలకి పురుగు పట్టకుండా కవర్లు కడుతున్నారు. ఫోన్లో మనిషి కనిపించరని చెప్పినా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. అవతల మాట్లాడింది ఒకావిడ, మర్యాదగానే మాట్లాడింది. ముందు నన్ను ఇంటి సంగతులు అడిగింది. తర్వాత ఆయన్ని, కెనడా ఎందుకు వదిలి వచ్చారని అడిగింది. తోట కోసం అంటారనుకుని కొంగు నలుపుకుంటూ కూర్చున్నాను.

"నా భార్య వెంట వచ్చాను," అన్నారాయన, నెమ్మదిగా, తన ఇంగ్లీషులో. "చలికాలమొస్తే తను మాట్లాడటం మానేసేది. మంచు కరిగేదాకా ఇంట్లో మాట వినపడేది కాదు. డాక్టరు మాత్రలిచ్చారు. ఒక వేసవిలో ఇక్కడికొచ్చినప్పుడు ఆవకాయకి ముక్కలు తుడుస్తూ పాట పాడుకుంటోంది. అది విన్నాను. తను ఎప్పుడు వెళ్దామంటే అప్పుడు వెళ్లిపోవాలని ఆ రోజే అనుకున్నాను. తర్వాత తనే అడిగింది."

అవతల టైపు చేస్తున్న చప్పుడు వినపడింది. తర్వాత ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఆ చలికాలాలు నేను మర్చిపోలేదు. వాటిని ఆయన గమనించారనే నాకు తెలియదు. పని చేసి అలిసిపోయొచ్చి పడుకునే మనిషికి నా మౌనం ఏం వినపడుతుందిలే అనుకునేదాన్ని. 

"కార్డు కోసం అలా చెప్పారా?" అని అడిగాను.

"తోట కోసమే అయితే ఎప్పుడో వచ్చేవాణ్ణి," అన్నారు. ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కవర్లు కట్టే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు.

 నేను ఎత్తిపొడిచిన మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది.  మధ్యాహ్నం అన్నంలోకి ఆయనకిష్టమని మామిడికాయ పప్పు చేశాను. ఆయన రెండుసార్లు వేయించుకున్నారు.

ప్రయాణపు పత్రం వచ్చేసరికి కోతలు మొదలయ్యాయి. మిగతా కాపు పక్క తోట ఆయనకి అప్పజెప్పి బయల్దేరాం. టొరంటో ఎయిర్‌పోర్టులో ఆఫీసరు కాగితం చూసి, వెల్కమ్ బ్యాక్ అని పాస్‌పోర్టు ఇచ్చేశాడు. కొత్త కార్డు రావడానికి మాత్రం చాలా నెలలు పట్టింది.

వెళ్లిన వారానికి మనవరాలు పుట్టింది. ఇంటికి తెచ్చాక లాలపోయడం ఎవరికీ చేతకాలేదు. ప్లాస్టిక్ తొట్టిలో పడుకోబెడితే పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోద్దామంటే నా మోకాళ్లు నేల మీద కూర్చోనివ్వవు. నాలుగో రోజు మా ఆయన లుంగీ ఎగ్గట్టి, బాత్రూంలో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "ఇటివ్వు," అన్నారు. మా అమ్మాయి భయపడుతూనే ఇచ్చింది. పిల్లని బోర్లా పడుకోబెట్టుకుని, ఒక అరచెయ్యి గడ్డం కింద పెట్టి, నీళ్లు పొయ్యమన్నారు. నేను వెచ్చవెచ్చగా వీపు మీద పోశాను. కాసేపు ఏడ్చి ఊరుకుంది. అల్లుడు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పైన ఇంకో రెండు చెంబులు పొయ్యమని ఆయన తలూపారు.