గురక పెట్టేవారికే సముద్రం గది

అత్తగారికి ఒక్కటే పిచ్చి. లాడ్జిలో దిగడానికి ఎవరొచ్చినా పేరూ ఊరూ అడగదు. "గురక పెడతారా?" అని అడుగుతుంది.

సముద్రపు ఒడ్డున, అడవి పార్కు అంచున ఉన్న ఆ చెక్క లాడ్జిలో సముద్రం వైపు గది ఒక్కటే. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఎదురుగా అలలు, ఇసుక మీద జింకలు. ఆ గది కోసం కొత్త జంటలు బతిమాలారు, ఆఫీసర్లు కళ్లెర్రజేశారు. ఆవిడ ససేమిరా అంది. అది గురక పెట్టేవాళ్లకే. బుద్ధిగా నిద్రపోయేవాళ్లంతా వెనక గదుల్లో సర్దుకోవాల్సిందే.

"ఇదెక్కడి న్యాయం అత్తయ్యా?" అని అల్లుడు మొత్తుకునేవాడు. లాడ్జి నడిపే భారమంతా అతనిదే.

"అలల హోరులో గురక కలిసిపోతుంది. మీరూరుకోండి అల్లుడుగారూ."

పార్కు గేటు దగ్గర కొత్త హోటలు వెలిశాక లాడ్జికి గిరాకీ పడిపోయింది. అలాంటప్పుడు, యాత్రికులు ఎక్కడ బస చేయాలో చెప్పే గైడు పుస్తకాలు రాసే ఆయన వచ్చాడు.

"ఆయన మంచిమాట రాస్తే బతుకుతాం, లేకపోతే తాళమే. ఈ ఒక్కసారికీ ఆ గది ఇవ్వండి" అని అల్లుడు చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

ఆవిడ నేరుగా వెళ్లి, "గురక పెడతారా?" అంది.

"నేనా? ఛ! నేను పడుకుంటే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది."

ఆయన వెనకే నిలబడ్డ రిటైరైన బస్సు డ్రైవరు తల దించుకుని, "నేను పెడతానమ్మా. కారులోనే పడుకుంటాలెండి" అన్నాడు. సముద్రం గది తాళంచెవి అతని చేతిలో పడింది. గైడాయన ముఖం ఆముదం తాగినట్టయింది. అల్లుడు లాడ్జి మీద ఆశ వదిలేసుకున్నాడు.

తెల్లారింది. డ్రైవరు హాయిగా ఒళ్లు విరుచుకుంటూ వచ్చాడు. మిగతావాళ్లలో చాలామంది కళ్లు చింతనిప్పులు.

"రాత్రంతా వెనక గదుల్లో రంపం కోసిన మహానుభావుడెవరండీ?" అని ఒకావిడ టిఫిను బల్ల దగ్గరే నిలదీసింది. గైడాయన తల సిగ్గుతో పళ్లెంలోకి వాలిపోయింది.

"నేనేనమ్మా!" అంది అత్తగారు, టీ పోస్తూ. "వెనకే పడుకున్నాను. వయసు మీద పడింది కదా."

"అయితే ముందు మీరే ఆ సముద్రం గదిలో పడుకోండి!" అని అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

వంటింట్లో అల్లుడు నిలదీశాడు. "మీరు గురక పెట్టడం నేనెన్నడూ వినలేదే!"

"మీ మామగారు గురకకు సిగ్గుపడి, చుట్టాలిళ్లకు వెళ్తే రాత్రంతా కుర్చీలోనే కూర్చునేవారు. ఒళ్లు తెలియని నిద్రలో చేసినదానికి సిగ్గేమిటి నాయనా?"

అత్తగారి పిచ్చి మీద అల్లుడికి మొదటిసారి గౌరవం కలిగింది.

వెళ్లేముందు గైడాయన అటూ ఇటూ చూసి, "వచ్చే నెల మా ఆవిడతో వస్తానమ్మా. ఆ సముద్రం గది..." అని నసిగాడు.

"గురక పెడతారా?" అంది ఆవిడ, ఏమీ ఎరగనట్టు.

"పెడతానండీ!" వాకిట్లో సామాన్లు సర్దుకుంటున్నవాళ్లంతా తిరిగి చూశారు.

అల్లుడు భయపడుతూనే అడిగాడు. "మరి పుస్తకంలో ఏం రాస్తారు సార్?"

"ఇక్కడే దిగమని రాస్తాను. ఆవిడ అడిగినదానికి మాత్రం నిజం చెప్పమని కూడా రాస్తాను."